స్టయల్: కౌలు నేలలో మొలిచిన నూలు మిల్లు

స్టయల్ ఇంగ్లండ్‌లోని చెషైర్ కౌంటీలో, మాంచెస్టర్‌కు దక్షిణంగా సుమారు పది మైళ్ల దూరాన, బాలిన్ నది లోయలో ఉన్న పల్లె. 19వ శతాబ్దంలో ఇది విల్మ్‌స్లో పారిష్‌కు (చర్చి పరిధికి) చెందిన పౌనల్ ఫీ అనే టౌన్‌షిప్‌లో భాగం. టౌన్‌షిప్ అనగానే మనకు కంపెనీ క్వార్టర్లు గుర్తొస్తాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో మాత్రం అది పారిష్‌లో ఒక చిన్న విభాగం. తన బీదల పోషణకు తనే పన్ను వసూలు చేసుకునేది. ఈ పల్లెకు చరిత్రలో చోటు దక్కింది 1784లో శామ్యూల్ గ్రెగ్ కట్టించిన క్వారీ బ్యాంక్ నూలు మిల్లు వల్ల. యంత్రం వచ్చి భూస్వామిని పక్కకు నెట్టేసిందని చెప్పే కథకు ఈ మిల్లును సాక్ష్యంగా తీసుకురావడం తేలికే. కానీ స్టయల్‌లో జరిగింది అది కాదు. ఇక్కడ పరిశ్రమ భూస్వామ్యాన్ని కూల్చలేదు. దాని దగ్గర కౌలుకు చేరి, దాని పద్ధతులే నేర్చుకుని, చివరికి దాని స్థానంలో తానే కూర్చుంది.

బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన గ్రెగ్‌కు మాంచెస్టర్‌లో వ్యాపారం ఉంది, మేనమామల నుంచి వచ్చిన సొత్తు ఉంది; బాలిన్ ఒడ్డున మాత్రం సెంటు భూమి లేదు. ఆ నేల స్టామ్‌ఫర్డ్ ఎర్ల్ అనే ప్రభువుది. నూలు వడికే వాటర్ ఫ్రేములకు పారే నీటి బలం కావాలి. నీటిని వాడుకునే హక్కు గట్టు భూమిని అంటిపెట్టుకుని ఉండేది కాబట్టి, గ్రెగ్ కౌలుకు తీసుకున్నది పేరుకు నేలైనా అసలుకు నీరు. ఎర్ల్ శిస్తు తీసుకోవడం తప్ప చేసిందేముంది, పరిశ్రమ చరిత్రలో ఆయన ఊసెందుకు అనవచ్చు. నిజమే, ఆయన పైసా పెట్టుబడి పెట్టలేదు. అయితే కౌలుదారు ఏం చేశాడో చూస్తే కౌలు విలువ తెలుస్తుంది. 1810లో పది అశ్వశక్తుల చిన్న ఆవిరి యంత్రం తెచ్చాడు. అది నీరు తగ్గిన రోజులకు ఆసరా. ఆ తర్వాత మొదలుపెట్టింది ఇంకా పెద్ద పని. థామస్ హ్యూస్ రూపొందించిన 32 అడుగుల వ్యాసం, 21 అడుగుల వెడల్పు గల ఇనుప నీటిచక్రాన్ని భూమి లోతున దించి, వాడిన నీరు నదిలో దిగువన కలిసేలా సొరంగం తవ్వించాడు. ఆ చక్రం ఇచ్చే శక్తి దాదాపు నూరు అశ్వశక్తులు. కౌలు నిలకడ మీద నమ్మకం లేనివాడు ఇంత ఖర్చును నేలలో పాతిపెట్టడు.

నీరు దొరికినా మనుషులు దొరకలేదు. పొలం పనులకు అలవాటుపడిన పల్లెలో మిల్లుకు సరిపడా చేతులు లేవు. ఆ లోటు పూడ్చింది కూడా పాత పల్లె వ్యవస్థే. బీదల భారం దించుకోవాలని చూసే పారిష్‌లు అనాథ పిల్లలను ఒప్పందపత్రాల మీద అప్రెంటిస్‌లుగా అప్పగించేవి. వారి కోసం 1790లో కట్టిన అప్రెంటిస్ హౌస్‌లో తొంభై మంది దాకా ఉండేవారు. తిండీ బట్టా మిల్లువే. రోజుకు పన్నెండు గంటల పనీ మిల్లుదే. పిల్లలను చూడటానికి పీటర్ హాలండ్ అనే వైద్యుణ్ని నియమించారు. ఫ్యాక్టరీ వైద్యుల్లో ఆయన తొలితరం వాడు. 1820ల్లో కుటుంబాలను రప్పించడానికి ఓక్ కాటేజీలు కట్టారు, ప్రతి ఇంటికీ పెరటి తోట ఇచ్చారు. చాపెల్, బడి, దుకాణం కూడా వచ్చాయి.

ఈ ఏర్పాటును ఏమని పిలవాలన్నది అప్పటి నుంచీ ఉన్న తగువే. 1835లో ఫ్యాక్టరీ పద్ధతిని సమర్థించిన రచయిత ఆండ్రూ యూర్ స్టయల్ అప్రెంటిస్‌ల బాగోగులను మెచ్చుకున్నాడు. పదేళ్లకు, కార్మికుల దుస్థితి మీద రాసిన ఫ్రెడరిక్ ఎంగెల్స్, గ్రెగ్‌ల వంటి పల్లె మిల్లు యజమానుల ఆదర్శ గ్రామాలు పైకి కనిపించేంత ఉదారమైనవి కావని రాశాడు. నిజానికి ఇద్దరికీ కనిపించింది ఒకే వస్తువు. ఇల్లు శుభ్రంగా ఉంది. ఆ ఇల్లు యజమానిది. అద్దె కూలిలోంచే పట్టుకునేవారు. పని పోతే గూడూ పోయేది. దయ లేదనలేం, కానీ ఆ దయకు హద్దురాళ్లు ఉన్నాయి. ఇలాంటి దయ చెషైర్ పల్లెకు కొత్త కాదు; ఎస్టేటు యజమాని రైతు మీద చూపేది అదే. 1847లో అప్రెంటిస్ పద్ధతి ముగిశాక కాటేజీల పట్టు ఇంకా బిగిసింది.

మిల్లు యజమాని భూస్వామి దారిలోనే నడిచాడనే ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. మిల్లు యజమానులు భూస్వాములకు రాజకీయ శత్రువులు కదా? శామ్యూల్ తర్వాత మిల్లు నడిపి, మరమగ్గాలు తెచ్చిన రాబర్ట్ హైడ్ గ్రెగ్ 1839లో మాంచెస్టర్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. భూస్వాముల ధాన్యం ధరలను కాపాడే కార్న్ చట్టాల రద్దు కోరినవారిలో ఆయనా ఉన్నాడు. అయితే 1842లో అదే మనిషి స్కాటిష్ వ్యవసాయ పద్ధతుల మీద పుస్తకం రాశాడు. ఆయన తిట్టింది భూస్వాముల రాయితీని, భూమిని కాదు. అసలు ఆ కుటుంబపు సంపదలో కరీబియన్ దీవి డొమినికాలోని హిల్స్‌బరో తోట కూడా ఉంది, ఆ తోటలో పనిచేసింది బానిసలు. మిల్లులో వడికిన దూదిలోనూ బానిసల చేతి పంట ఉంది. నేలనూ, నేల మీది మనుషులనూ ఏలడం ఆ ఇంటికి మిల్లు కంటే ముందే తెలుసు.

స్టయల్ లాంటి ఇంగ్లండ్ మిల్లుల ధాటి మన గోదావరి తీరాన్నీ తాకింది. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరుతోనే అక్కడి బట్ట మడపొల్లంగా ఐరోపాకు వెళ్లేది. తర్వాత లాంకషైర్ మిల్లులు తామే నేసి అదే పేరు పెట్టి అమ్మాయి. ఊరు ఇక్కడే మిగిలింది, పేరు సముద్రం దాటిపోయింది.

ఆవిరి వచ్చాక నగరాల మిల్లులే గెలిచాయి, పల్లె మిల్లు ఒక ఆరంభ ముచ్చట మాత్రమే అనేవారికి స్టయల్ దీర్ఘాయువే జవాబు. 1904లో పెద్ద చక్రం స్థానంలో టర్బైన్లు వచ్చాయి. అప్పటికీ శక్తి నదిదే. మిల్లు గిట్టుబాటు తగ్గినా చుట్టూ ఉన్న నేలా ఇళ్లూ దాన్ని మోశాయి. ఎర్ల్ నేలకు కౌలుదారులుగా వచ్చిన గ్రెగ్‌లు తర్వాతి తరాల్లో దానికి సొంతదారులయ్యారు. 1939లో ఆ కుటుంబపు అలెక్ గ్రెగ్, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు దానమిచ్చినప్పుడు మిల్లుతోపాటు ఊరు, పొలాలు, అడవి కలిసిన ఎస్టేటు మొత్తం చేతులు మారింది. మిల్లులో పని 1959 దాకా సాగింది.