తండా మాట, బడి మాట

మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు రెండు మూడు భాషలు మాట్లాడటం కొత్త సంగతి కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు వచ్చింది. ఆ రాజుల శాసనాలు తెలుగు, కన్నడ, తమిళ, సంస్కృత భాషల్లో ఉన్నాయి. నేటికీ హిందూపురం బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసే వినబడతాయి.

మా సుగాలి పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం తిరిగారు. ఇంట్లో గోర్ బోలి, సంతలో ఆ ఊరి మాట. బడి ముఖం చూడకుండానే నాలుగు భాషలు నేర్చారు. రైళ్లు, రోడ్లు వచ్చి ఎద్దుల వ్యాపారం దెబ్బతిన్నాక తండాలు కట్టుకొని సేద్యానికి, కూలికి దిగారు. అప్పుడు పిల్లలకు బడి అవసరమైంది. ఆ బడిలో మా మాటకు చోటు లేదు.

1956 మనం గుర్తుపెట్టుకోవలసిన ఏడాది. నవంబరు 1న భాష ప్రాతిపదికన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే ఏడాది ఏడో సవరణతో రాజ్యాంగంలో 350-ఎ అధికరణ చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది చెబుతోంది. మా వైపు కన్నడ బడులు, ఉర్దూ బడులు నడిచాయి. లిపి లేని మా భాష పుస్తకంలోకి రావడానికి మాత్రం 48 ఏళ్లు పట్టింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసి ఒడియా, బంజారా భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. మా పక్కనే బతికే ఎరుకల వారి భాష ఆ ఎనిమిదిలో లేదు.

ఈ చదువు లాభం ఒకటో తరగతిలోనే తెలుస్తుంది. 'అ' నేర్పడానికి అమ్మ బొమ్మ చూపిస్తాం. తండా పిల్ల 'యాడి' అంటుంది. ఆమె నోట వచ్చిన మొదటి శబ్దం 'య'. తప్పు అన్నామంటే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. యాడితోనే 'య' నేర్పి, ఆ తర్వాత అమ్మ దగ్గరికి తీసుకెళితే రెండు అక్షరాలూ నిలుస్తాయి. వ్యాకరణమూ అంతే. మా మాటలో వస్తువులకు కూడా ఆడ, మగ తేడా ఉంది. తెలుగులో 'అమ్మ వచ్చింది', 'బస్సు వచ్చింది', రెంటికీ ఒకటే క్రియ. ఈ సంగతి తెలియని టీచరుకు మా పిల్లవాడి తికమక మొద్దుతనంగా కనబడుతుంది.

ఇబ్బందులూ దాచకూడదు. ఒక జిల్లా గోర్ బోలిలో రాసిన పాఠం ఇంకో జిల్లా తండాకు సగమే అర్థమవుతుంది. భాష వచ్చిన టీచరు బదిలీ అయితే పుస్తకం బీరువాకు చేరుతుంది. ఒకే గదిలో సుగాలి, ఎరుకల, కన్నడ పిల్లలుంటే ఎవరి భాషలో మొదలుపెట్టాలి? వానలు లేక బెంగళూరుకు వలస పోయే తల్లిదండ్రులు, "మా మాట మాకు వచ్చు సార్, ఇంగ్లీషు నేర్పండి" అంటారు. వారి మాటలో న్యాయం ఉంది. ఉద్యోగం అడిగే చోట గోర్ బోలి అడగరు.

2020-21 నుంచి ప్రభుత్వ బడుల్లో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగింటి పిల్లకు అందులో ఒకటి సొంత పేజీ. తండా పిల్లకు రెండూ పరాయివే.

తప్పు ప్రభుత్వానిదే అని చేతులు దులుపుకోలేం. ఉద్యోగాలు వచ్చాక మేము టౌనులో ఇళ్లు తీసుకొని, మా పిల్లలతో తెలుగే మాట్లాడాం. ఇవాళ మా తల్లులు చెప్పే కథను మా పిల్లలకు మేమే తెలుగు చేసి వినిపిస్తున్నాం.

అందుకే తోటి టీచర్లకు, యువతకు మా మనవి. తెలుగు, ఇంగ్లీషు బాగా నేర్పుదాం, వాటిలో తగ్గేది లేదు. మొదటి రెండేళ్లు మాత్రం పిల్ల మాటతోనే పాఠం మొదలుపెడదాం. భాష రాని టీచరు పిల్లలనే అడిగి నేర్చుకోవచ్చు. సెలవుల్లో తండాకు వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. వంట, పంట, పశువులు, చుట్టరికాల మాటలు అవ్వలను అడిగి తెలుగు లిపిలో రాయండి. మన ప్రాంతపు వాచకానికి ముందు కావలసింది ఆ నోటుబుక్కే.