సలహా మండలిలో అధిక సంఖ్య ఎవరిది?

వికలాంగుల సమస్యను దానధర్మాల ఖాతాలో వేయడం పాలకవర్గాలకు అలవాటు. సానుభూతికి ఖర్చు తక్కువ; అధికారం పంచడానికే వారికి చేతులు రావు. అమెరికా రాష్ట్రాలలోని స్వతంత్ర జీవన మండళ్ల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించాలి.

పోలియో వల్ల మెడ కింది భాగమంతా చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అతడు ఏ ఉద్యోగానికీ పనికిరాడని కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట సహాయం నిరాకరించింది. అతనికి ఊపిరి పోసే ఇనుప యంత్రం బరువును మోయగల వసతిగృహం లేక, విశ్వవిద్యాలయ ఆసుపత్రి గదే అతని నివాసమయింది. తర్వాత వచ్చిన వికలాంగ విద్యార్థులు అక్కడే సంఘటితులయ్యారు. ఆ కృషి ఫలితంగా 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రం వెలిసింది. ఏ సాయం, ఎవరిచేత, ఎప్పుడు పొందాలన్న నిర్ణయం తన చేతిలో ఉండడమే స్వతంత్రమని వారు భావించారు. తనను పనికిరాడన్న శాఖకే 1975లో రాబర్ట్స్ అధిపతి అయ్యాడు!

ఫెడరల్ నిధులు పొందే సంస్థలు వికలాంగులపై వివక్ష చూపరాదని 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షను శాసించింది. అమలు నిబంధనలు మాత్రం నాలుగేళ్లు ఫైళ్లలో మగ్గాయి. 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కార్యాలయంలో నూరుమందికి పైగా వికలాంగులు, వారి సహచరులు బైఠాయించి, మూడు వారాలు దాటినా కదలలేదు. నల్లజాతి హక్కులకై పోరాడుతున్న బ్లాక్ పాంథర్ పార్టీ వారికి భోజనం పంపింది. 28న నిబంధనలపై మంత్రి సంతకం పడింది. పీడితుల సంఘీభావం సాధించిన విజయమిది.

1978 సవరణ ఇటువంటి కేంద్రాలకు ఫెడరల్ నిధుల మార్గం తెరిచింది. 1992 సవరణతో, ఆ నిధులు కోరే ప్రతి రాష్ట్రానికీ మండలి తప్పనిసరి అయింది. మండలి సభ్యులలో అధిక సంఖ్యాకులు వికలాంగులై ఉండాలి. వారు ప్రభుత్వ శాఖల ఉద్యోగులో, కేంద్రాల ఉద్యోగులో కారాదు. మూడేళ్లకొకసారి రాష్ట్ర ప్రణాళిక తయారవుతుంది. మొదట దానిని మండలి ప్రభుత్వ శాఖతో కలిసి రూపొందించేది. 2014 చట్టం ఆ బాధ్యతను మండలి అధ్యక్షులకు, కేంద్రాల డైరెక్టర్లకు అప్పగించింది.

ఇందులో వైరుధ్యం లేకపోలేదు. సభ్యులను సాధారణంగా నియమించేది, అక్కడ ప్రజలెన్నుకునే గవర్నరు. నిధులిచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. బడ్జెట్టుకు కోత పడితే ఎంత మంచి ప్రణాళికైనా కాగితాల మీదే మిగులుతుంది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రతి రాష్ట్రంలోను సలహా బోర్డు ఉండాలన్నది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వర్తించే చట్టం ఇదే. బోర్డుకు అధ్యక్షత మంత్రిది. నామినేటెడ్ సభ్యులలో పది స్థానాలు వికలాంగులకు, అదీ సాధ్యమైనంతవరకు! వారికి అధిక సంఖ్య ఇస్తానని చట్టం ఎక్కడా చెప్పదు. సలహా బల్ల దగ్గర పీట వేశామని ప్రభుత్వం చెప్పినప్పుడు, పీటలెన్ని, వాటిపై ఎవరు కూర్చోవాలో నిర్ణయించేదెవరు అని మనం అడగాలి.