చెరసాలలో ఒక క్రిస్మసు – 1708

క్రిస్మసు నెల ప్రవేశించగానే మన సంఘములలో కలుగు సందడి మనకందరకును తెలిసినదే. దేవాలయమునకు సున్నము వేయుదుము. గోపురము మీద నక్షత్రము కట్టుదుము. యువజనులు రాత్రివేళ ఇంటింటికి వెళ్లి పాటలు పాడుదురు. పిల్లలు నాటకమునకు గొర్రెల కాపరుల వేషములు సిద్ధము చేసికొందురు. దూరప్రాంతములలో ఉద్యోగము చేయువారు సహితము ఆ పండుగకు ఏలాగైనను ఇల్లు చేరవలెనని ఆశపడుదురు. ఇంటివారి మధ్య లేని క్రిస్మసు మనకు క్రిస్మసు వలె తోచదు.

మన అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సందర్భమున, ఇంటిని విడిచి, భాష తెలియని దేశమునకు వచ్చి, వరుసగా నాలుగు క్రిస్మసులను నాలుగు విధములుగా గడిపిన ఒక యువకుని కథను సంఘస్థులకు జ్ఞాపకము చేయుట మంచిదని తలంచితిమి. అతడు మన జిల్లాలకు రాలేదు. అయినను అతని చేతి పని ఏదో ఒక దారిని మన యొద్దకు వచ్చియున్నది. అతని పేరు బర్తొలొమయి జీగెన్‌బల్గు. భారతదేశమునకు వచ్చిన ప్రొటెస్టెంటు మిషనెరీలలో అతడును, అతని సహచరుడైన హైన్రిఖ్ ప్లూట్‌షౌయును మొదటివారు.

తల్లి విడిచిన ఆస్తి

జీగెన్‌బల్గు 1682వ సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీలోని సాక్సనీ రాజ్యమునందు పుల్స్‌నిట్జ్ అను చిన్న పట్టణములో జన్మించెను. చిన్నతనముననే తలిదండ్రులను పోగొట్టుకొనెను. మరణశయ్య మీద నున్న తల్లి పిల్లలను దగ్గరకు పిలిచి, తాను వారికొక గొప్ప నిధిని కూర్చితిననియు, దానిని బైబిలులో వెదకుకొనవలెననియు చెప్పినదట. ఆ మాట అతని హృదయములో నిలిచిపోయెను. శరీరము మొదటినుండియు బలహీనమైనది. తరచు జబ్బు, తరచు మనోవ్యాకులము. హాలే పట్టణములో భక్తుడైన ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే యొద్ద చదువ మొదలుపెట్టెను గాని, అనారోగ్యము చేత ఆ చదువు సరిగా సాగలేదు.

ఆ దినములలో డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడరిక్, తన ప్రభుత్వము క్రిందనున్న తూర్పుదేశపు ప్రజలకు సువార్త అందించుటకు మనుష్యులను వెదకుచుండెను. డెన్మార్కులో ఎవరును దొరకలేదు. జర్మనీ నుండి ఈ ఇద్దరు ముందుకు వచ్చిరి. 1705 నవంబరు 11న కోపెన్‌హాగెనులో వారికి గురుపట్టాభిషేకము జరిగెను. అదే నెల 29న ‘సోఫియా హెడ్విగ్’ అను ఓడ నెక్కిరి. కనుక ఇల్లు విడిచిన తరువాత అతని మొదటి క్రిస్మసు సముద్రము మీదనే గడిచెను. ఓడ బయలుదేరి నెల రోజులైనను కాలేదు. ముందు ఆఫ్రికా ఖండమంతయు చుట్టి రావలసియున్నది.

తరంగంబాడి

వారు చేరవలసిన స్థలము తమిళదేశమునందలి తరంగంబాడి. ఇది కావేరి డెల్టాలో సముద్రపు ఒడ్డున నున్న చిన్న రేవు. 1620లో తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు ఈ స్థలమును డేనిష్ వారికి వర్తకము కొరకు ఇచ్చెను. రఘునాథుడు తెలుగు ప్రభువు, తెలుగు కవి అన్న సంగతి మన పాఠకులకు తెలిసినదే. డేనిష్ వారు అచ్చట డాన్స్‌బోర్గ్ అను కోటను కట్టుకొనిరి. ఆ కోట నేటికిని సముద్రమున కెదురుగా నిలిచియున్నది.

1706 జూలై 9న ఓడ తరంగంబాడి చేరెను. మరునాటితో జీగెన్‌బల్గుకు 24 ఏండ్లు నిండినవి. రాజుగారి ఆజ్ఞాపత్రము చేత పట్టుకొని వచ్చిన వీరికి అచ్చట స్వాగతము లభింపలేదు. కోటకు అధికారియైన హస్సియస్ వీరి రాకను మెచ్చలేదు. వర్తకము చేసికొనుటకు వచ్చిన కంపెనీ వారికి, బానిసలకును బీదలకును చదువు చెప్పి, బాప్తిస్మమిచ్చు మనుష్యులు తలనొప్పిగా కనబడుట వింత కాదు. దిగిన దినమున వీరిద్దరును ఎక్కడికి పోవలెనో తెలియక బజారు వీధిలో నిలిచియుండవలసి వచ్చెను. ప్రభువు పుట్టిన రాత్రి సత్రములో స్థలము లేకపోయిన సంగతి చదువునప్పుడెల్ల ఈ ఇద్దరు యువకులును మనకు జ్ఞాపకము వత్తురు.

ఇసుకలో అక్షరములు

రెండవ క్రిస్మసు, అనగా 1706 డిసెంబరు, భాష నేర్చుకొనుటలో గడిచెను. ప్లూట్‌షౌ ఆ రేవులో వాడుకలోనున్న పోర్చుగీసును చేపట్టెను. జీగెన్‌బల్గు తమిళమును చేపట్టెను. నేర్చుకొనుటకు వ్యాకరణ పుస్తకము గాని నిఘంటువు గాని అతని చేతిలో లేదు. వృద్ధుడైన ఒక బడిపంతులును తమ ఇంటికి రప్పించి బడి పెట్టించి, చిన్నపిల్లల ప్రక్కన కూర్చుండి, వారితోపాటు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొనెను. మన తాతలును ఈ రీతినే ఓనమాలు నేర్చిరి గదా! తరువాత అళగప్ప అను దుబాసీ సహాయమున మాటలాడుట నేర్చి, ఏడాది తిరుగకమునుపే తమిళములో ప్రసంగింపగలిగెను. తమిళుల తాటాకు గ్రంథములను నూటికి పైగా సేకరించి, చదివి, 1708లో వాటికొక పట్టిక వ్రాసి ఐరోపాకు పంపెను. ఈ ప్రజలకు విద్య లేదు, నీతి లేదు అని తలంచుచున్న స్వదేశస్థులకు, అది పొరపాటని అతడు వ్రాసి తెలియజేసెను. బోధించుటకు వచ్చినవాడు ముందుగా విద్యార్థియై కూర్చుండెను. ఇది మనము గమనింపదగిన సంగతి.

మూడవ క్రిస్మసు – స్వంత దేవాలయము

1707 మే 12న మొదటి బాప్తిస్మము జరిగెను. బాప్తిస్మము పొందిన ఐదుగురును డేనిష్ వారి ఇండ్లలోని బానిసలు. ఆ ఊరిలో యూరోపియనుల కొరకు 1701లో ప్రతిష్ఠింపబడిన సీయోను దేవాలయముండెను. అయితే నల్లవారైన క్రొత్త విశ్వాసులకు తమదని చెప్పుకొన తగిన స్థలమొకటి కావలెనని మిషనెరీలు తలంచి, తమ కొద్ది జీతములలో నుండి ఖర్చు పెట్టి చిన్న దేవాలయము కట్టించిరి. 1707 ఆగస్టు 14న దానిని ప్రతిష్ఠించి ‘యెరూషలేము’ అని పేరు పెట్టిరి. ఆ సంవత్సరపు క్రిస్మసు నాటికి వారికి సంఘమున్నది, దేవాలయమున్నది, పిల్లలకు బడి యున్నది. పదునేడు నెలల పనికి అది గొప్ప ఫలితము. సంతోషముగా గడిచిన క్రిస్మసు అదే.

నాలుగవ క్రిస్మసు – కోటలో

1708 అక్టోబరు 17న జీగెన్‌బల్గు క్రొత్త నిబంధనను తమిళములోనికి అనువదించుట ఆరంభించెను. నెల దాటి రెండు దినములకే ఆ పని ఆగిపోయెను. కారణము చూడబోయిన చిన్నది. క్షురకవృత్తి చేయు ఒకని విధవరాలు, చనిపోయిన భర్త అప్పు విషయమై, కంపెనీ కొలువులోనున్న ఒక దుబాసీతో తగవులో చిక్కుకొనెను. ఆమెకు ఆధారము లేదు. జీగెన్‌బల్గు ఆమె పక్షమున మరల మరల అధికారితో మాటలాడెను. దేవాలయములోనే అధికారి యెదుట మోకరించి న్యాయమడుగుమని ఆమెకు సలహా కూడ నిచ్చెను. హస్సియసునకు కోపము వచ్చెను. విచారణకు రమ్మని కబురంపెను. పిలుపు వ్రాతమూలముగా నున్న గాని రానని జీగెన్‌బల్గు బదులు చెప్పెను. 1708 నవంబరు 19న అతనిని పట్టుకొని, ప్రశ్నలకు జవాబియ్యనందున డాన్స్‌బోర్గ్ కోటలో చెరపెట్టిరి.

ఈ సందర్భమున మనము నిష్పక్షపాతముగా ఆలోచింపవలెను. జీగెన్‌బల్గు శాంతమూర్తి యని చెప్పుటకు వీలు లేదు. అతడు త్వరపడు స్వభావము గలవాడు, పట్టుదల ఎక్కువ. కొంత మెత్తగా మాటలాడియుండినయెడల చెర తప్పియుండును, అనువాదము సాగియుండును, సంఘము కాపరి లేక తల్లడిల్లకుండును అని చెప్పువారు లేకపోలేదు. అధికారి పక్షమున చూచినను, విదేశమునందలి చిన్న కోటలో తన ఆజ్ఞను ప్రశ్నించు మనుష్యుని సహించుట అతనికి కష్టముగానే యుండును. ఈ మాటలలో కొంత నిజమున్నది. అయితే మరియొక ప్రశ్న కూడ అడుగవలెను. ఆ విధవరాలి కొరకు మాటలాడుటకు ఆ ఊరిలో ఇంకెవరుండిరి? బైబిలును అనువదించు పని ముఖ్యమని, బీదరాలి మొఱ్ఱను ప్రక్కకు నెట్టినయెడల, ఏ బైబిలును అనువదించుచున్నాడో దానికే అతడు విరోధియగును గదా! పద్ధతిలో తప్పుండవచ్చును, పక్షము మాత్రము తప్పు కాదని మా అభిప్రాయము.

ఇట్లు 1708 క్రిస్మసు వచ్చెను. తమిళ తీరమున అది ఈశాన్య ఋతుపవనపు వానల కాలము; సముద్రము గర్జించుచుండును. అదే ఊరిలో తాను కట్టించిన దేవాలయమున్నది, తాను బాప్తిస్మమిచ్చిన బిడ్డలున్నారు; తానేమో గోడల మధ్య. 26 ఏండ్ల వయస్సు. కలము, కాగితము మొదట ఇయ్యలేదు. రాజుగారికి ఉత్తరము పంపినను అది చేరుటకు ఏడెనిమిది నెలలు, జవాబు వచ్చుటకు మరి ఏడెనిమిది నెలలు పట్టును. మనుష్య సహాయము మీద ఆశ పెట్టుకొనుటకు అవకాశమే లేదు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు అర్ధరాత్రి పాటలు పాడిన సంగతి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో మనము చదువుచున్నాము. అచ్చట భూకంపము కలిగి తలుపులు తెరువబడెను. తరంగంబాడిలో భూకంపము రాలేదు. నాలుగు నెలలు దినమొక యుగముగా గడిచినవి. తరువాత వ్రాసికొనుటకు సెలవు దొరకగా, క్రైస్తవ జీవితమును గురించియు, బోధకుని జీవితమును గురించియు గ్రంథములు వ్రాసి ఆ కాలమును వ్యర్థము కానీయలేదు. 1709 మార్చి 26న విడుదల కలిగెను.

చెర తరువాత

బయటకు వచ్చినవాడు ఓడ యెక్కి ఇంటికి పోలేదు. ఆపివేసిన పేజీ యొద్దనే మరల కూర్చుండెను. ఆ సంవత్సరము జూలైలో గ్రుండ్లరు మొదలైన సహాయకులు ఐరోపా నుండి వచ్చిరి. 1711 మార్చి 31న క్రొత్త నిబంధన అనువాదము ముగిసెను. ఇంగ్లండులోని ఎస్.పి.సి.కె. సంఘము వారు అచ్చుయంత్రము పంపిరి; హాలే నుండి తమిళ అక్షరములు వచ్చినవి. 1714, 1715 సంవత్సరములలో అచ్చయిన ఆ గ్రంథము, భారతీయ భాషలలో ముద్రింపబడిన మొట్టమొదటి క్రొత్త నిబంధన. పాత నిబంధనలో రూతు వరకు వచ్చుసరికి అతని బలము ఉడిగిపోయెను. 1719 ఫిబ్రవరి 23న, 36 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను. తాను కట్టించి 1718లో ప్రతిష్ఠ చేయించిన క్రొత్త యెరూషలేము దేవాలయములోనే అతనిని సమాధి చేసిరి. ఆ దేవాలయములో నేటికిని ఆరాధన జరుగుచున్నది.

మనకేమి సంబంధము?

ఈ తమిళదేశపు కథతో మనకేమి పని యని ఎవరైనను అడుగవచ్చును. రెండు సంగతులు చెప్పుదుము. మొదటిది: తరంగంబాడి మిషనెరీల వృత్తాంతము ఇంగ్లీషులో అచ్చయి, ఇంగ్లండులో ఒక గురువు ఇంటికి చేరెను. 1712లో దానిని చదివి కదలిపోయిన ఆ ఇంటి ఇల్లాలు సూసన్నా వెస్లీ; అప్పటికి ఆమె కుమారుడు జాన్ చిన్నవాడు. వెస్లియను మిషను మూలముగా సువార్త నందుకొన్న తెలుగు కుటుంబములు ఈ సంగతి మరువరాదు. రెండవది: జీగెన్‌బల్గు చనిపోయిన సంవత్సరమే తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్, అతడు విడిచిన తమిళ పాత నిబంధనను పూర్తిచేసి, పిదప మద్రాసు చేరి తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి అనువదించెను. ఆ అనువాదము అచ్చుకాలేదు. అయినను స్వదేశమునకు తిరిగివెళ్లిన తరువాత, 1746 ప్రాంతమున, హాలేలో అతడు తెలుగు అక్షరములతో చిన్న పుస్తకములను అచ్చు వేయించెను. మన భాషలో మొదట అచ్చయిన పుస్తకములు అవియే. కాబట్టి ఆ ఇసుకలో దిద్దిన అక్షరముల దారి మన ఇంటి గడప వరకు వచ్చియున్నది.

శతవార్షికోత్సవమున మనము కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కింతుము, అది తగినదే. కాని కట్టినవి మాత్రమే చరిత్ర కాదు. అడ్డుపడినప్పుడు ఆగకుండుట, దిక్కులేని వారి పక్షమున నిలుచుట, పొరుగువాని భాషను గౌరవించి నేర్చుకొనుట, ఇవియు చరిత్రయే. ఈ పండుగ దినములలో మన బిడ్డలలో అనేకులు దూరదేశములలో, పరభాషల మధ్య, ఆసుపత్రులలో, ఇండ్ల పనులలో, ఓడలలో, కార్యాలయములలో ఉన్నారు. మన ఊరిలోనే చెరసాలలో ఉన్నవారున్నారు. న్యాయము కొరకు తిరుగుచున్న విధవరాండ్రున్నారు. నక్షత్రము కట్టుకొనిన తరువాత, పాటల బృందము బయలుదేరునప్పుడు, వారి గుమ్మము కూడ మన దారిలో నుండునట్లు చూచుకొందుము గాక. ఆలాగు చేసినయెడల, డాన్స్‌బోర్గ్ కోటలో ఒంటరిగా గడిచిన ఆ క్రిస్మసు మన సంఘములో వ్యర్థము కాలేదని చెప్పగలుగుదుము. దేవునికే మహిమ కలుగును గాక.