నేల మీద నేల

కోయంబత్తూరు, మదురై వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల పాత ఇళ్లలో నేల అంటే పొరలే. మట్టినేలను పేడతో అలికేటప్పుడు పాత అలుకు తీసేసేవారు కాదు, దానిమీదే అలికేవారు. ఉన్నవాళ్ల ఇళ్లకు సున్నపు గచ్చు వచ్చింది. ఆ సున్నం పని ఎంత ఎత్తుకు వెళ్లిందో చూడాలంటే తిరుమల నాయకుడు 1636లో మదురైలో కట్టించిన మహలుకు వెళ్లాలి. ఇటుక కట్టడం మీద గుల్లసున్నంలో గుడ్డు తెల్లసొన కలిపి, అద్దంలా మెరిసేదాకా రుద్దారు. తర్వాత ఇళ్లలో ఎర్రటి సిమెంటు గచ్చు, ఆత్తంగుడి రంగుబిళ్లలు, మొజాయిక్, చివరికి సిరామిక్ టైల్స్.

ఇవన్నీ కిందిదాన్ని అంటిపెట్టుకునే నేలలు. టైల్ తీయాలంటే పగలగొట్టాల్సిందే. ఇప్పుడు ఆ టైల్స్ మీద పరుస్తున్న లామినేట్ దేన్నీ అంటుకోదు. నా దృష్టిలో దాని కొత్తదనం చెక్కలాంటి రంగులో కాదు, ఇందులోనే ఉంది.

లామినేట్ మూలం కరెంటు పనిలో ఉంది. అభ్రకానికి బదులుగా వాడే ఇన్సులేషన్ కోసం ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు 1912లో రెసిన్ పట్టించిన పొరలను ఒత్తి గట్టి పలక చేశారు. అదే ఫార్మైకా. బల్లల మీదికి ఎక్కిన ఆ పలకను నేలకు దించినది స్వీడన్‌కు చెందిన పెర్‌స్టార్ప్ కంపెనీ, 1977లో. పెర్గో పేరుతో అమ్మింది. మొదట్లో పలకల అంచులకు జిగురు పూసేవారు. 1990ల రెండో సగంలో స్వీడన్, బెల్జియం కంపెనీలు ఒకదానిలో ఒకటి బిగిసే అంచులు తెచ్చాక జిగురు పని తప్పింది.

పలక లోపల ఉన్నది ఒత్తిన చెక్కపీచు. తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అందుకే పలకల పెట్టెలను 48 గంటలు పరచబోయే గదిలోనే ఉంచి, ఆ తర్వాతే పరచాలి. గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదిలి, స్కర్టింగుతో కప్పాలి. అంతకంటే ముందు టైల్స్‌ను ఒక్కొక్కటే తట్టి చూడాలి. డొల్లగా మోగినదాన్ని తీసి గట్టిగా అతికించాలి, పల్లాలు పూడ్చాలి. దానిమీద పాలిథీన్ షీటు, రెండు మూడు మిల్లీమీటర్ల ఫోమ్, ఆపైన పలకలు. మొత్తం ఒక సెంటీమీటరు దాకా నేల లేస్తుంది. కాబట్టి తలుపుల అడుగు కోయాలి. పాత టేకు తలుపైతే ఈ పనికి నాకు మనసొప్పదు.

ఇంకో సంగతి. మనవాళ్ల ఇళ్లలో శుక్రవారం బిందెలతో నీళ్లు పోసి కడగడం, తడి ఆరకముందే ముగ్గు పెట్టడం ఇంకా ఉంది. మామూలు లామినేట్ అతుకుల్లోకి ఆ నీళ్లు దిగితే అంచులు లేస్తాయి, మళ్లీ దిగవు. పడకగదిలో వేసుకోండి, పాదాలకు హాయిగా ఉంటుంది. వంటిల్లు, పూజగది, వీధి గుమ్మం మాత్రం టైల్స్‌కే వదిలేయండి.