వాషింగ్ మెషీన్ తిరగట్లేదా..? మోటార్ పోయిందని కంగారొద్దు.. ముందు ఇవి చూడండి!

స్విచ్ వేస్తే 'గుయ్'మంటుంది.. డ్రమ్ము మాత్రం కదలదు. మోటార్ కాలిపోయిందనే అనుకుంటారు చాలామంది. ప్రతిసారీ తప్పు దానిదే కాదు.

టాప్ లోడ్ అయితే మూత సరిగా పడిందా చూడాలి. లోపలి స్విచ్ నొక్కుకోకపోతే స్పిన్ మొదలవదు. టబ్బులో నీళ్లు నిలిచినా అంతే. డ్రెయిన్ పైపు మడతపడిందేమో, ఫిల్టర్‌లో చిల్లర, పిన్నీసులు ఇరుక్కున్నాయేమో చూడండి. ఒక్క దుప్పటే వేసినా బరువంతా ఓ పక్కకి చేరి మెషీన్ ఆగిపోతుంది. ఇంకో రెండు బట్టలు జతచేస్తే సరి!

మోటార్ తిరుగుతున్నా సెమీ ఆటోమేటిక్‌లో అడుగునున్న చక్రం కదలట్లేదంటే బెల్ట్ మీదే అనుమానం. ఉత్త 'గుయ్' శబ్దమే వస్తుంటే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. మోటార్ ధరతో పోలిస్తే అది చాలా చౌక. అయితే అలాగే పదేపదే ఆన్ చేస్తే మోటార్ వైండింగ్ నిజంగానే కాలిపోతుంది.

వెనక డోర్ మాత్రం సొంతంగా విప్పొద్దు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో కరెంట్ మిగిలి ఉంటుంది, గట్టి షాకే కొడుతుంది. మెకానిక్ వచ్చీ రాగానే 'మోటార్ మార్చాలి' అంటే.. కెపాసిటర్ మార్చి చూశారా అని అడగండి.