సీసం లేని గది

భూమి వయసు కనుక్కోవాలని పూనుకున్న అమెరికన్ శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌కు మొదట అడ్డుపడింది ఆయన ప్రయోగశాలలోని గాలే. రాయిలోని యురేనియం కాలం గడిచేకొద్దీ సీసంగా మారుతుంది. ఆ సీసాన్ని కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. కానీ ఆయన కొలిచిన ప్రతిసారీ ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్ల సీసం కనిపించేది. అది రాయిలోది కాదు. గాజుపాత్రలు, ఆమ్లాలు, కుళాయి నీరు, గోడల రంగు, పనిచేసేవాళ్ల జుట్టు, బట్టలు, అన్నిటి నుంచీ వచ్చి చేరుతున్నది. అందుకే 1950లలో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ఒక గది కట్టించుకున్నారు. అందులోకి వడపోసిన గాలే వచ్చేది. బయటి దుమ్ము దూరకుండా లోపలి పీడనం కాస్త ఎక్కువగా ఉంచేవారు. పాత్రల్ని ఆమ్లంతో కడిగేవారు, ఆ ఆమ్లాన్ని కూడా ముందే శుద్ధి చేసుకునేవారు. అలా ఉల్కాశకలాల్లోని సీసాన్ని కొలిచి, 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని లోకానికి చెప్పారు. ఆ అంకె పాఠ్యపుస్తకాలకెక్కింది. దానికోసం కట్టిన గది మాత్రం అంతకంటే పెద్ద పని చేసింది. చుట్టూ ఉన్న లోకం ఎంత కలుషితమైందో చూపించింది.

ఆ కాలుష్యానికి మూలం 1921 డిసెంబరులో ఉంది. జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ, ఇంజిన్‌లో టకటకమనే చప్పుడు పోవాలంటే పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే చాలని కనుగొన్నాడు. 1923లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో అమ్మకం మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని స్టాండర్డ్ ఆయిల్ రిఫైనరీలో దాన్ని తయారుచేసే కార్మికులకు మతిభ్రమించింది, ఐదుగురు చనిపోయారు. 1925 మేలో అమెరికా సర్జన్ జనరల్ ఏర్పాటు చేసిన సమావేశంలో హార్వర్డ్ తొలి మహిళా అధ్యాపకురాలు, వృత్తి వ్యాధుల నిపుణురాలు ఆలిస్ హామిల్టన్ సీసం ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించారు. తరువాత నియమించిన కమిటీ 1926లో ఇచ్చిన నివేదికలో రెండు మాటలున్నాయి. ప్రస్తుతానికి నిషేధించడానికి తగిన ఆధారాలు లేవన్నది ఒకటి. ప్రజాధనంతో పరిశోధన కొనసాగించాలన్నది రెండోది. కంపెనీలకు మొదటి మాట చాలింది. రెండోదాన్ని ప్రభుత్వం పక్కన పెట్టేసింది. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు సీసం మీద పరిశోధనంతా చాలావరకు సీసం అమ్ముకునేవాళ్ల డబ్బుతోనే సాగింది. ఈ కథలో అసలు తప్పు ఇక్కడే జరిగిందని నేను నమ్ముతాను.

ఆ పరిశోధనకు పెద్దదిక్కు సిన్సినాటి విశ్వవిద్యాలయంలోని కెటరింగ్ ప్రయోగశాల అధిపతి రాబర్ట్ కీహో. ఆయన వాదన తేలిగ్గా అర్థమయ్యేదే: సీసం ప్రకృతిలో ఉంది, మనిషి ఒంట్లోకి వస్తుంది, పోతుంది, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 80 మైక్రోగ్రాములు దాటనంతవరకు భయం లేదు, హాని ఉందనేవాళ్లు రుజువు చూపించాలి. దీన్ని నిలబెట్టడానికి మోటారు కార్ల పొగ సోకని మెక్సికో పల్లె జనాన్ని పరీక్షిస్తే, వాళ్ల ఒంట్లోనూ సీసం కనిపించింది. అయితే ఆ పల్లెవాసులు వండుకునేదీ తినేదీ సీసం కలిసిన మెరుపు పూత పూసిన మట్టిపాత్రల్లో. తిండిలోకి ఆ పాత్రల నుంచి దిగిన సీసం 'సహజం' ఖాతాలో పడింది. కీహో అంకెలు కల్పించాడని నేను అనను. ఆయన కొలతలు ఆ కాలానికి నమ్మకంగానే ఉండేవి. లోపం పోల్చి చూసుకోవడానికి ఎంచుకున్న మనుషుల్లో ఉంది. ఊరంతా ఉప్పునీళ్లే తాగుతుంటే మంచినీటి రుచి చెప్పేదెవరు?

ప్యాటర్సన్ దగ్గర ఆ మంచినీరు ఉంది. 1960ల మొదట్లో సముద్రజలాల్ని పరీక్షిస్తే లోతు నీటికంటే పైపొరల్లో సీసం చాలా ఎక్కువగా కనిపించింది. నేల అడుగు నుంచి వచ్చేదైతే అలా ఉండదు. అది ఆకాశం నుంచి రాలుతున్నది. 1965లో ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన కీహో పునాదినే కదిపారు. అందరి ఒంట్లోనూ ఉన్నంత మాత్రాన అది సహజమైపోదనీ, సగటు అమెరికన్ ఒంట్లోని సీసం సహజ స్థాయికి ఎన్నో రెట్లు మించి ఉందనీ వాదించారు. 1969లో గ్రీన్‌లాండ్ మంచుపొరల లెక్క దానికి తోడైంది: పాతపొరల్లో సీసం బహు స్వల్పం, పారిశ్రామిక విప్లవంతో పెరుగుదల, 1940 తరువాత ఒక్కసారిగా పైకి. ఈ క్రమంలో ఆయనకు పెట్రోలియం సంస్థల నుంచి వచ్చే నిధులు ఆగిపోయాయి. 1971లో గాలిలోని సీసంపై జాతీయ పరిశోధన మండలి వేసిన సంఘంలో ఆయనకు చోటు దక్కలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ నిషేధిస్తే పరిశ్రమ బతకదు, రుజువు అడగడం తప్పా అని. తప్పు కాదు. కానీ రుజువు సంపాదించే సాధనాలన్నీ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు రుజువు లేదనడం వాదన అనిపించుకోదు. సీసం లేకపోతే కార్లు నడిచేవి కావన్నదీ నిలవదు. ఇథనాల్ కూడా ఇంజిన్ చప్పుడు ఆపుతుందని జనరల్ మోటార్స్ పరిశోధకులకు అప్పుడే తెలుసు. 1976లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు, టెట్రాఇథైల్ లెడ్ అమ్మే ఇథైల్ కార్పొరేషన్ వేసిన దావాలో, హాని పూర్తిగా జరిగి తేలేదాకా ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదంటూ పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన సీసం పరిమితుల్ని సమర్థించింది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ మసాచుసెట్స్ పిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి, సీసం ఎక్కువున్న పిల్లలు తెలివి పరీక్షల్లో, తరగతిలో నిలకడలో వెనకబడుతున్నారని చూపించారు. అంతకంటే బలమైన సాక్ష్యం ప్రభుత్వ ఆరోగ్య సర్వే నుంచి వచ్చింది. 1976 నుంచి 1980 వరకు పెట్రోలులో సీసం తగ్గుతుంటే, అమెరికన్ల రక్తంలో సగటు సీసం దాదాపు 37 శాతం తగ్గింది. ఆహార డబ్బాల టంకంలో సీసం తగ్గడం వల్ల కూడా అయ్యుండొచ్చు కదా అంటే, కొంత అయ్యుండొచ్చు. కానీ రక్తంలోని గీత పెట్రోలు అమ్మకాల గీత వెంటే దిగింది. 1996 నుంచి అమెరికా రోడ్లపై సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది. మన దేశంలో 2000లో ఆగింది.

గాలి బాగుపడ్డాక నీరు మిగిలింది. 2014 ఏప్రిల్‌లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ నగరం డబ్బు ఆదా కోసం నదీజలానికి మళ్లినప్పుడు, పైపుల తుప్పును ఆపే రసాయనం కలపలేదు. పాత సీసం గొట్టాల నుంచి లోహం కుళాయిల్లోకి దిగింది. నీరు రంగు మారిందని జనం మొత్తుకుంటే అధికారులు బాగానే ఉందన్నారు. 2015 సెప్టెంబరులో పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా, ఆస్పత్రి రికార్డుల్లోని పిల్లల రక్తపరీక్షల్ని నీళ్లు మారకముందువీ మారిన తరువాతవీ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదట కొట్టిపారేసిన రాష్ట్ర యంత్రాంగమే కొద్దిరోజుల్లో ఒప్పుకుంది. అక్టోబరులో పాత నీరు తిరిగి వచ్చింది. పాత రికార్డులు లేకపోతే ఆమె దేనితో పోల్చి చూపేది?

మన దగ్గర 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆస్పత్రిపాలైనప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తరువాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. ఏలూరు మనిషి రక్తంలో మామూలు రోజుల్లో సీసం ఎంత ఉంటుందో చెప్పే అంకెలు చేతిలో ఉంటే ఆ వెదుకులాట వేరుగా సాగేది. అమెరికాలా ఏళ్లతరబడి సాగే దేశవ్యాప్త రక్తపరీక్షల సర్వే మనకు లేదు. పిల్లల రక్తంలో సీసం 100 మిల్లీలీటర్లకు 3.5 మైక్రోగ్రాములకు చేరగానే అక్కడిప్పుడు అప్రమత్తమవుతారు. రక్తంలో సీసం ఏ స్థాయిలో ఉన్నా సురక్షితం కాదనే వైద్యశాస్త్రం చెబుతున్నది. రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రతి జిల్లాలో పిల్లల రక్తాన్ని, కుళాయి నీటిని క్రమం తప్పకుండా ప్రజాధనంతో పరీక్షించి, వచ్చిన అంకెల్ని ఏటా జనం ముందు పెట్టాలి. ఆ పని ఇంకో ఏలూరు జరగకముందే మొదలవ్వాలి.