స్పోరుకు స్పోరే విరుగుడు

ఎండుగడ్డి నానిన నీళ్లను మరగబెట్టినా అందులో మళ్లీ సూక్ష్మజీవులు ఎలా పుట్టుకొస్తున్నాయి? 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ ఈ చిక్కుముడి విప్పాడు. గడ్డుకాలం వస్తే బాసిల్లస్ బ్యాక్టీరియా తన జన్యుపదార్థాన్ని గట్టి పొరల్లో దాచుకుని సిద్ధబీజంగా, అంటే స్పోరుగా మారుతుంది. నీరు, ఆహారం దొరికాక మళ్లీ మొలకెత్తుతుంది. అదే ఏడాది రాబర్ట్ కాక్ ఆంత్రాక్స్ వ్యాధిలో స్పోర్ల పాత్రను బయటపెట్టాడు.

స్పోర్లలో మేలుచేసేవీ ఉన్నాయి. 1933లో జపాన్‌లో చికాజీ మియైరి మనిషి మలం నుంచి క్లాస్ట్రీడియం బ్యుటైరికమ్‌ను వేరుచేశాడు. అది అక్కడ పేగుల మందైంది. 1958లో ఇటలీలో ఎంటెరోజెర్మినా వచ్చింది. పిల్లలకు విరేచనాలైతే మనం మందుల షాపులో కొనే చిన్న ప్లాస్టిక్ సీసా అదే. 5 మిల్లీలీటర్లలో 200 కోట్ల బాసిల్లస్ క్లాసీ స్పోర్లు ఉంటాయి.

అసలు పోరు క్లాస్ట్రీడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో వచ్చింది. యాంటీబయాటిక్స్ పేగులోని మంచి బ్యాక్టీరియాను తుడిచిపెట్టినప్పుడు ఇది విజృంభించి తీవ్రమైన విరేచనాలు తెస్తుంది. మందు వాడితే తగ్గుతుంది, ఆపితే కొందరిలో మిగిలిన స్పోర్లు మొలకెత్తి తిరగబెడుతుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కు ఈ స్పోర్లు చావవు. అందుకే ఈ రోగిని ముట్టుకున్నాక నర్సులు సబ్బు నీళ్లతోనే చేతులు కడుక్కోవాలి.

1958లోనే అమెరికాలోని డెన్వర్‌లో బెన్ ఐస్‌మన్ బృందం తీవ్రమైన పెద్దపేగు వాపుతో ఉన్న నలుగురికి ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమాగా ఎక్కించి నయం చేసింది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు డిఫిసిల్ జబ్బు తిరగబెట్టిన 16 మందికి ఆరోగ్యవంతుల మలంతో చికిత్స చేస్తే, 13 మందికి మొదటి విడతకే నయమైంది.

మరి మలంలో మందు ఏది? శాస్త్రవేత్తలు దాతల మలాన్ని ఆల్కహాల్‌తో శుద్ధి చేశారు. మామూలు బ్యాక్టీరియా చచ్చి, స్పోర్లు మిగిలాయి. శత్రువును కాపాడిన మొండితనమే ఇక్కడ మందును వడగట్టింది. ఈ స్పోర్లు పేగులో మొలకెత్తి పిత్తామ్లాల రూపం మారుస్తాయి. అలా మారిన పిత్తామ్లాల మధ్య డిఫిసిల్ పెరగలేదు. 182 మందిపై జరిగిన పరీక్షలో ఎనిమిది వారాల్లోపు జబ్బు తిరగబెట్టింది ఈ స్పోర్ల క్యాప్సూళ్లు మింగినవారిలో 12 శాతానికే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 40 శాతానికి. 2023 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందును వౌస్ట్ పేరుతో ఆమోదించింది. మోతాదు రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులు.

ఎవరి మలమూ అక్కర్లేకుండా, ల్యాబ్‌లో పెంచిన ఎంపిక చేసిన జాతులతోనే మందు చేయాలన్నది తర్వాతి ప్రయత్నం. అది ఫలించినా, జలుబుకూ జ్వరానికీ డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ కొనే అలవాటు మానడమే మన పేగుకు మనం చేయగల మొదటి మేలు.